ఆడుకోనివ్వండి, ఊహకు రెక్కలు రానివ్వండి

అమీర్‌పేట అనగానే తెలుగువారికి ముందుగా గుర్తుకు వచ్చేది చదువు. మైత్రీవనం పరిసరాల్లో ఏ భవనం వైపు తలెత్తి చూసినా అంతస్తు మీద అంతస్తుగా కోచింగ్ సెంటర్ల బోర్డులే కనిపిస్తాయి. ఉభయ తెలుగు రాష్ట్రాల నుంచి వేలాదిమంది యువతీయువకులు ఇక్కడి హాస్టళ్ళలో ఉంటూ కంప్యూటరు కోర్సులు నేర్చుకుంటారు, ఉద్యోగపరీక్షలకు సిద్ధమవుతారు. 2017 నవంబరు చివర మెట్రోరైలు వచ్చిన తరువాత ఈ ప్రాంతం నగరానికి ఒక పెద్ద కూడలిగా మారింది. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ వెళ్ళే మార్గమూ, నాగోల్ నుంచి రాయదుర్గం వెళ్ళే మార్గమూ కలిసేది అమీర్‌పేటలోనే. తరువాతి స్టేషను పంజాగుట్ట. అక్కడ నిమ్స్ ఆసుపత్రి, ఫ్లైఓవరు, పెద్దపెద్ద దుకాణాలు, తెరిపి లేని వాహనాల వరుస.

ఈ రద్దీకి వెనుక ఉన్న గల్లీలలో, రెండు గదుల వాటాలలో, ఎన్నో కుటుంబాలు కాపురం ఉంటున్నాయి. ఆ ఇళ్ళలో మూడేళ్ళ, నాలుగేళ్ళ, ఆరేళ్ళ పసివాళ్ళున్నారు. వారి తాతలకు ఉండిన వాకిలి ఇప్పుడు స్కూటర్లు నిలిపే చోటయింది. డాబా మీద నీళ్ళ ట్యాంకులు నిలిచాయి. గల్లీలో ఒక బంతి దొర్లించే లోపే రెండు బైకులు దూసుకుపోతాయి. ఉదయం స్కూలు, మధ్యాహ్నం ట్యూషను, అస్ర్ తరువాత మక్తబ్, మగ్రిబ్ తరువాత హోంవర్కు. ఇంతటితో పసివాడి రోజు ముగుస్తుంది. మిగిలిన కొద్దిపాటి సమయాన్ని ఫోను ఆక్రమిస్తుంది.

మేము చాలా ఏళ్ళుగా చిన్నపిల్లలకు ఖాయిదా, నాజిరా చెబుతున్నాము. పూర్వం తల్లిదండ్రులు మా వద్దకు ఒకే ఫిర్యాదు తెచ్చేవారు: “మౌలానా సాబ్, మావాడికి ఎప్పుడూ ఆటే ధ్యాస. కాస్త భయం చెప్పండి.” ఈ మధ్య మరో ఫిర్యాదు వినవస్తున్నది: “ఫోను లాక్కుంటే వాడికి ఏమి చేయాలో తోచడం లేదు హజ్రత్. బొమ్మలు ఎన్ని కొనిచ్చినా ఆడుకోవడం రావడం లేదు.” మొదటి ఫిర్యాదు విని మేము చిరునవ్వుతో ఊరుకునేవారము. రెండవది అలా ఊరుకోదగినది కాదు. ఆడుకోవడం తెలియని పసితనం, ఆకలి వేయని శరీరం వంటిది. లోపల ఏదో సరిగా లేదన్న సూచన అది. కనుక ఈ విషయాన్ని ధర్మజ్ఞానం వెలుగులోనూ, అనుభవం వెలుగులోనూ తల్లిదండ్రుల ముందుంచదలచాము.

ప్రవక్త (స) ఇంట్లో ఆటబొమ్మలు

దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) తబూక్ నుంచో, ఖైబర్ నుంచో తిరిగివచ్చిన సందర్భం అది. అబూదావూద్ హదీసు గ్రంథంలోని ‘అదబ్’ అధ్యాయంలో ఈ ఉదంతం ఉన్నది. హజ్రత్ ఆయిషా (రజి) గదిలో ఒక అరకు తెర కట్టి ఉన్నది. గాలికి ఆ తెర తొలగి ఆమె ఆటబొమ్మలు బయటపడ్డాయి. ఇవేమిటని ప్రవక్త (స) అడిగారు. తన కూతుళ్ళని ఆమె సమాధానమిచ్చారు. ఆ బొమ్మల నడుమ గుడ్డపేలికలతో చేసిన రెండు రెక్కలున్న గుర్రం ఒకటి కనిపించింది. గుర్రానికి రెక్కలా అని ఆయన ఆశ్చర్యం వెలిబుచ్చారు. సులైమాన్ (అలైహిస్సలాం) గుర్రాలకు రెక్కలుండేవని మీరు వినలేదా అని ఆమె తిరిగి ప్రశ్నించారు. ఆ మాటకు ప్రవక్త (స) దంతాలు కనిపించేటంతగా నవ్వారు.

ఈ ఉదంతాన్ని మనలో చాలామంది విన్నవారే. కాని ఇందులో గమనించదగిన అంశాలను నెమరువేసుకున్నవారు తక్కువ. మొదటిది, ఆ గుర్రం అంగడిలో కొన్నది కాదు, పేలికలతో చేసినది. రెండవది, దానికి రెక్కలు తగిలించిన ఊహ గాలిలో పుట్టలేదు. విన్న కథ ఒకటి మనసులో నిలిచి, చేతివేళ్ళ ద్వారా బొమ్మగా బయటికి వచ్చింది. మూడవది, సుదూర ప్రయాణం నుంచి వచ్చిన ప్రవక్త (స) ఆ బొమ్మ ముందు ఆగి ప్రశ్నలు అడిగారు. గుర్రానికి రెక్కలుండవు కదా అని దిద్దలేదు. సమాధానం విని మనసారా నవ్వారు. పసి ఊహను ఎలా పలకరించాలో తెలుసుకోవడానికి మనకు ఇంతకంటే మంచి పాఠం లేదు: ఆగండి, అడగండి, వినండి, ఆనందించండి.

హజ్రత్ అనస్ (రజి) తమ్ముడు అబూ ఉమైర్ అనే బాలుడు ఒక చిన్న పక్షిని పెంచుకునేవాడు. ప్రవక్త (స) ఆ ఇంటికి వచ్చినప్పుడల్లా పిల్లవాడి పేరుకూ, పక్షి పేరుకూ ప్రాస కుదిరేలా పలకరిస్తూ దాని క్షేమం అడిగేవారు. ఇది బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్నది. అబిసీనియా నుంచి తల్లిదండ్రులతో తిరిగివచ్చిన ఉమ్మె ఖాలిద్ అనే చిన్నారి ప్రవక్త (స) వీపు మీది ముద్రతో ఆడుకోబోతే తండ్రి గద్దించాడు. ఆమెను వదిలేయమని ప్రవక్త (స) అతణ్ణి వారించారు. మహమూద్ బిన్ రబీ (రజి) తమకు ఐదేళ్ళప్పుడు ప్రవక్త (స) నోట నీళ్ళు తీసుకుని సరదాగా తమ ముఖం మీద చిమ్మిన సంగతిని పెద్దవారయ్యాక కూడా జ్ఞాపకం పెట్టుకుని చెప్పారు. పసివయసులో పెద్దలు పంచిన ఒక్క క్షణం ఆట ఎంతకాలం నిలుస్తుందో చూడండి!

రుబయ్యి బిన్త్ ముఅవ్విజ్ (రజి) చెప్పిన సంగతి తల్లులకు మరీ ముఖ్యమైనది. ఆషూరా ఉపవాసం నాడు మదీనా స్త్రీలు తమ పిల్లలచేత కూడా ఉపవాసం ఉంచేవారు. పిల్లలకోసం ఉన్నితో ఆటవస్తువులు తయారుచేసేవారు. ఆకలికి ఏ పిల్లవాడైనా ఏడిస్తే ఆ బొమ్మను చేతికిచ్చి ఇఫ్తార్ వేళ వరకు మరపించేవారు. ఆరాధనకూ ఆటకూ వైరం ఉన్నదని ఆ తల్లులు అనుకోలేదు. ఆరాధన అలవాటు చేయడానికి ఆటనే ఊతగా చేసుకున్నారు.

ఊహ ఏమి చేస్తుంది?

పిల్లవాడు కర్రపుల్లను కాళ్ళమధ్య పెట్టుకుని గుర్రమని పరుగెత్తుతాడు. చూసేవారికి అది అల్లరి. కాని అతని మనసులో ఒక పెద్ద పని జరుగుతున్నది. కళ్ళకు కనిపించే వస్తువు నుంచి మనసులోని అర్థాన్ని విడదీసి, దానిని మరో వస్తువుకు అంటగడుతున్నాడు. రష్యా దేశపు మనస్తత్వవేత్త వైగోత్‌స్కీ (1896–1934) ఈ కర్రగుర్రం ఉదాహరణనే తీసుకుని పసివారి ఆటను వివరించాడు. ముందుముందు అక్షరాన్ని చూసి శబ్దాన్ని, అంకెను చూసి రాశిని, పదాన్ని చూసి అర్థాన్ని గ్రహించడానికి ఇదే పునాది. ‘అలిఫ్’ అన్నది వట్టి నిలువుగీత. దానిలో ఒక ధ్వనిని చూడగలిగిన పిల్లవాడు అంతకుముందు కర్రలో గుర్రాన్ని చూసినవాడే.

ఆటలో క్రమశిక్షణ కూడా ఉన్నది. ఇల్లాట ఆడే పిల్లల్ని గమనించండి. అమ్మ పాత్ర వేసిన పాప అమ్మలాగే మాట్లాడాలి. బిడ్డ పాత్ర వేసినవాడు పిలిస్తేనే రావాలి. నియమం తప్పితే ‘ఆట చెడిపోయింది’ అని మిగతావారు ఒప్పుకోరు. పెద్దలు పది నిమిషాలు కూర్చోమంటే కూర్చోలేని పిల్లవాడు, ఆటలో కాపలావాడి పాత్ర వేసినప్పుడు కదలకుండా నిలబడతాడు. తనను తాను అదుపులో పెట్టుకోవడాన్ని ఎవరూ బెత్తం పట్టకుండానే నేర్చుకుంటున్నాడు.

ఊహ చేసే మరో మేలు ఓదార్పు. నిమ్స్ ఆసుపత్రి ఆవరణలో జిల్లాల నుంచి రోగులతో వచ్చిన బంధువులు రోజుల తరబడి వేచి ఉంటారు. వారిలో చిన్నపిల్లలూ ఉంటారు. అక్కడ ఒక పాప ఖాళీ మందుల డబ్బాలను వరుసగా పేర్చి, తన చెప్పును రోగిగా పడుకోబెట్టి, అగ్గిపుల్లతో సూది వేస్తుండగా మేము చూశాము. సూది వేస్తూ ఆ చెప్పుతో ఏమీ కాదని, రేపు ఇంటికి వెళ్ళిపోదామని చెబుతున్నది. ఆ మాటలు ఆమెకు ఎవరు చెప్పారో, ఆమె ఎవరికి చెప్పదలచిందో ఊహించడం కష్టం కాదు. పసివారికి తమ భయాన్ని మాటల్లో చెప్పడం రాదు. దాన్ని ఆటగా మార్చి, చేతిలోకి తీసుకుని, అటూఇటూ తిప్పి చూసుకుంటారు. ఆటను అడ్డుకుంటే ఆ దారి మూసుకుపోతుంది.

ఇంకొక మాట. ఎదుటివారి ఆకలిని తన కడుపులో ఊహించుకోలేనివాడు జకాత్ లెక్క కట్టగలడేమో గాని, దయ చూపలేడు. దివ్యఖుర్ఆన్ మనతో ఎన్నో ఉపమానాలలో మాట్లాడుతుంది. సాలెపురుగు గూడు, ఏడు వెన్నులు వేసిన విత్తనం, లోతుగా వేళ్ళూనిన మంచి చెట్టు, తోటి చీమలను హెచ్చరించిన చీమ. వీటిని మనసులో చిత్రించుకోగలిగితేనే వాటిలోని బోధ హృదయానికి తాకుతుంది. అగోచరం మీద మన విశ్వాసం కల్పన కాదు, అది దైవవాణి ఆధారంగా నిలిచిన సత్యం. అయితే కళ్ళెదుట లేనిదాని గురించి ఆలోచించగల సామర్థ్యం మనిషికి అల్లాహ్ ప్రసాదించిన వరం. పసివయసులో ఆ వరానికి సాధన ఆటలోనే జరుగుతుంది.

తల్లిదండ్రుల సందేహాలు

ధార్మిక కుటుంబాలలో ఆట గురించి మూడు సందేహాలు తరచూ వినిపిస్తాయి. వాటిని దాటవేయడం న్యాయం కాదు.

ఆట వ్యర్థకాలక్షేపం కాదా అన్నది మొదటిది. ప్రాపంచిక జీవితం ఆట, వినోదం వంటిదని ఖుర్ఆన్ హెచ్చరించిన మాట నిజమే. ఆ హెచ్చరిక జీవితాన్నే ఆటగా భావించి పరలోకాన్ని మరచిన పెద్దలకు. పసిపిల్లవాడికి ఆట వ్యర్థం కాదు, అది అతని వయసుకు తగిన పని. యూసుఫ్ (అలైహిస్సలాం) సోదరులు ఆయనను తమ వెంట పంపమని తండ్రిని అడిగినప్పుడు, తమ్ముడు హాయిగా తిని ఆడుకుంటాడని చెప్పిన సంగతి యూసుఫ్ సూరాలో ఉన్నది. వారి మనసులో కుట్ర ఉన్నది. కాని యాఖూబ్ (అలైహిస్సలాం) వెలిబుచ్చిన భయం తోడేలు గురించి, బిడ్డ ఎడబాటు గురించి. పిల్లవాడు ఆడుకోవడం తప్పని ఆయన అనలేదు. ఇమామ్ గజ్జాలీ (మరణం 1111) ‘ఇహ్యా ఉలూమిద్దీన్’లో పిల్లల శిక్షణ గురించి రాస్తూ, మక్తబ్ నుంచి వచ్చిన పిల్లవాణ్ణి చక్కని ఆట ఆడుకోనివ్వాలని చెప్పారు. ఆటను నిషేధించి ఎడతెగక చదువుతో వేధిస్తే హృదయం చచ్చిపోతుందని, తెలివి మొద్దుబారుతుందని, చివరికి చదువు నుంచి తప్పించుకునే ఉపాయాలు వెతుకుతాడని హెచ్చరించారు. తొమ్మిది వందల ఏళ్ళనాటి ఈ మాట అమీర్‌పేట ట్యూషను సెంటర్ల గోడల మీద రాసి ఉంచదగినది.

రెండవది, ‘ఉన్నట్టు’ నటించడం అబద్ధం కాదా అన్నది. అబద్ధమంటే ఎదుటివారిని మోసగించాలనే ఉద్దేశంతో చెప్పేది. ఆటలో ఇద్దరికీ నిజం తెలుసు. ఖాళీ కప్పులో చాయ్ పోసి ఇచ్చే పాప మనల్ని మోసగించడం లేదు, ఆహ్వానిస్తున్నది. నిజానికి జాగ్రత్తపడవలసింది మనం. ఒక తల్లి, ఇదిగో ఇస్తానని బిడ్డను పిలిచినప్పుడు, ఏమి ఇవ్వదలచావని ప్రవక్త (స) ఆమెను అడిగారు. ఖర్జూరమని ఆమె చెప్పింది. ఏమీ ఇవ్వకపోయి ఉంటే అది నీ ఖాతాలో అబద్ధంగా నమోదయ్యేదని ఆయన హెచ్చరించారు. బిడ్డకు నిజంగా చేసే వాగ్దానాన్ని నిలబెట్టుకోవాలి, బిడ్డ ఆడే ఆటను ఆటగా గౌరవించాలి. పంజాగుట్ట చౌరస్తాలో సింహాన్ని చూశానని నాలుగేళ్ళవాడు చెబితే, అబద్ధాలకోరని తిట్టవద్దు. “కళ్ళతో చూశావా నాన్నా, ఊహలో చూశావా?” అని అడగండి. “ఊహలో” అంటాడు. “అయితే ఆ సింహం ఏమి చేసింది?” అని అడగండి. సత్యానికీ ఊహకూ మధ్యనున్న గీత అతనికి తెలుస్తుంది. ఊహ కూడా చెడదు.

మూడవది బొమ్మల విషయం. ప్రాణుల రూపాలు చేయడం గురించి హదీసులలో కఠిన హెచ్చరికలున్నాయి. అయితే హజ్రత్ ఆయిషా (రజి) ఉదంతాన్ని ఆధారం చేసుకుని పిల్లల ఆటబొమ్మలను అత్యధిక విద్వాంసులు మినహాయింపుగా పరిగణించారు. ముఖకవళికలు పూర్తిగా తీర్చిన నేటి బొమ్మల పట్ల జాగ్రత్త వహించాలన్న విద్వాంసులూ ఉన్నారు. ఈ విషయంలో ప్రతి కుటుంబం తాను విశ్వసించే ఆలిమ్‌ను అడిగి నడుచుకోవాలి. కన్నూ ముక్కూ తీర్చని గుడ్డబొమ్మకు మాత్రం ఇరుపక్షాలవారూ అడ్డు చెప్పరు. దానిలో మరో లాభమూ ఉన్నది. అంగడిబొమ్మ ముఖం మీద ఎప్పుడూ ఒకే నవ్వు ఉంటుంది. ముఖం లేని గుడ్డబొమ్మ ఉదయం నవ్వుతుంది, మధ్యాహ్నం అలుగుతుంది, రాత్రి జ్వరంతో పడుకుంటుంది. ఆ ముఖాన్ని పిల్లలే ఇస్తారు.

మన నేల మీది ఆటలు

పిల్లల ఊహకు మన పెద్దలు ఏనాడో చోటిచ్చారు. తెలుగు ఇళ్ళలో లక్కపిడతలతో గుజ్జనగూళ్ళు వండేవారు. దక్కనీ ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో అదే ఆటను హండ్‌కుల్హియా అన్నారు. గుడ్డా-గుడియా పెళ్ళికి ఒక ఇంటివారు వరుని పక్షం, పక్కింటివారు వధువు పక్షం. నానీలు పాత దుపట్టా చింపి బొమ్మకు జోడా కుట్టేవారు. వామనగుంటలకు చింతగింజలు, అచ్చనగాయలకు గులకరాళ్ళు, తొక్కుడుబిళ్ళకు పెంకుముక్క చాలేవి. డబ్బు ఖర్చు లేదు, కొరత కూడా లేదు.

ఆటబొమ్మల తయారీలో తెలుగునేలకు గొప్ప పేరున్నది. ఎన్టీఆర్ జిల్లా కొండపల్లిలో తేలికైన తెల్లపొణికి కర్రను చెక్కి, చింతగింజల పొడి, రంపపుపొట్టు కలిపిన ముద్దతో భాగాలను అతికి బొమ్మలు చేస్తారు. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె పట్టి, లక్కతో ప్రకృతిసిద్ధమైన రంగులు అద్దుతారు. తెలంగాణలో నిర్మల్ కొయ్యబొమ్మలు సుప్రసిద్ధం. పండ్లు, కూరగాయలు, పక్షులు అచ్చం నిజమైనవాటిలా ఉంటాయి. బొంగరాలు, గిలకలు, చిన్న గిన్నెలు, ఎడ్లబండ్లు వంటివి ఏ సందేహానికీ తావివ్వని చక్కని ఆటవస్తువులు. ఏటా జనవరిలో మొదలయ్యే నాంపల్లి నుమాయిష్‌కు పిల్లల్ని తీసుకువెళ్ళినప్పుడు, బ్యాటరీ వేస్తే తానే గంతులు వేసే ప్లాస్టిక్ బొమ్మకు బదులు, పిల్లవాడు కదిలిస్తేనే కదిలే కొయ్యబొమ్మను కొనండి. బొమ్మ తక్కువ పని చేస్తే పిల్లవాడి మనసు ఎక్కువ పని చేస్తుంది.

సాలార్‌జంగ్ మ్యూజియంలో పిల్లల విభాగమొకటి ఉన్నది. గంట కొట్టే గడియారం ముందు జనం గుమిగూడి నిలబడతారు. గడియారంలోని చిన్న మనిషి గంట కొట్టడానికి బయటికి వచ్చినప్పుడు పిల్లల ముఖాలు చూడండి. ఇంటికి వచ్చాక ‘ఆ మనిషి గంట కొట్టని సమయంలో లోపల ఏమి చేస్తుంటాడు?’ అని అడగండి. అమీర్‌పేట నుంచి అక్కడికి వెళ్ళిరావడానికి ఒక సెలవురోజు చాలు. ఆ ఒక్క ప్రశ్న వారం రోజుల ఆటకు సరిపోతుంది.

రెండు గదుల ఇంట్లో ఏమి చేయగలం?

స్థలం లేదన్నది అమీర్‌పేట, పంజాగుట్ట తల్లులు చెప్పే మాట. అది వాస్తవమే. మైదానం లేని లోటును ఏదీ పూర్తిగా తీర్చలేదు. వారానికి ఒకటి రెండు సార్లైనా పిల్లల్ని పార్కుకు తీసుకువెళ్ళే బాధ్యత తండ్రులు తీసుకోవాలి. కాని ఊహకు కావలసిన స్థలం చాలా తక్కువ. ఈ కింది పనులకు ఖర్చు లేదు.

మంచం మీదుగా ఒక దుప్పటి వేలాడదీయండి. దాని కిందిభాగం డేరా అవుతుంది, గుహ అవుతుంది, ఓడ అవుతుంది. నూహ్ (అలైహిస్సలాం) ఓడ గాథ చెప్పిన రాత్రి మర్నాడు ఆ దుప్పటి కిందికి పిల్లి, కోడి, ఏనుగు జంటజంటలుగా చేరడం మీరే చూస్తారు. ఇక్కడ ఒక మర్యాద పాటించాలి. పిల్లలు జంతువుల పాత్రలు, ప్రయాణికుల పాత్రలు వేయవచ్చు. ప్రవక్తల పాత్రను ఎవరూ ధరించకూడదు. ఈ మాటను ముందే మృదువుగా చెబితే వారికి గౌరవం కూడా అలవడుతుంది.

రొట్టెలకు పిండి కలిపేటప్పుడు ఒక ముద్ద పిల్లల చేతికి ఇవ్వండి. అట్టపెట్టెలు పారవేయవద్దు. ఫ్రిజ్ వచ్చిన పెట్టె ఒక దుకాణం. అగ్గిపెట్టెలు, సబ్బుపెట్టెలు పేర్చితే మస్జిదు, మీనార్. గిన్నెల మూతలు తక్కెడ పళ్ళాలు. దుకాణం ఆటలో కొలతలు సరిగా ఉండాలన్న నియమం పెట్టండి. తూకంలో మోసగించేవారి గురించి ఖుర్ఆన్ ఎంత తీవ్రంగా హెచ్చరించిందో తరువాత చెప్పడం సులభమవుతుంది. చింతగింజలు తూచిన చేతికి న్యాయం బరువు ఎంతో తెలుస్తుంది.

మా విద్యార్థి ఒకని ఇంట్లో కుర్చీలు వరుసగా పెట్టి మెట్రో ఆట ఆడతారు. అన్న డ్రైవరు, చెల్లెలు స్టేషన్ల పేర్లు చెప్పే గొంతు. ఎర్రగడ్డ, ఈఎస్ఐ, ఎస్ఆర్ నగర్, అమీర్‌పేట, పంజాగుట్ట, ఎర్రమంజిల్, ఖైరతాబాద్, లక్డీకాపూల్. ఆరేళ్ళైనా నిండని ఆ పాప ఈ పేర్లన్నీ వరుస తప్పకుండా చెబుతుంది. ముసలమ్మ పాత్రలో దాదీ రైలెక్కితే మనవడు లేచి సీటు ఇస్తాడు. భూగోళం, భాష, మర్యాద మూడూ ఆ నాలుగు కుర్చీల మీదే నేర్చుకుంటున్నారు.

రాత్రి కథ చెప్పేటప్పుడు మధ్యలో ఆగి, తరువాత ఏమై ఉంటుందో పిల్లల్నే అడగండి. ఖుర్ఆన్, హదీసు గాథలలో మాత్రం మన సొంత కల్పన చేర్చకూడదు. అవి సత్యగాథలని చెప్పి, ఉన్నది ఉన్నట్టుగా వినిపించాలి. కాకి, నక్క, కుందేలు కథలలో పిల్లలు ఎంతదూరమైనా పోవచ్చు.

ఈ పనులన్నింటిలో పెద్దలు పాటించవలసిన నియమం ఒకటున్నది. ఆటకు యజమాని పిల్లవాడే. మనం అతిథులం. అతను చాయ్ ఇస్తే తాగాలి, రోగివని అంటే పడుకోవాలి. ఇలా కాదు అలా ఆడు అని దిద్దితే అది మన పాఠమవుతుంది, అతని ఆట కాదు. ప్రతి ఆట చివర ఒక నీతివాక్యం చెప్పాలన్న ఆరాటాన్ని కూడా అదుపులో పెట్టుకోవాలి. అన్నలు, అబ్బాలు ఇది ఆడవారి పని అనుకోకూడదు. దైవప్రవక్త (స) సజ్దాలో ఉండగా మనవడు వీపు మీద ఎక్కితే, అతని ముచ్చట తీరేదాకా తలెత్తలేదని నసాయీ గ్రంథంలో ఉన్నది. ఆ సజ్దా కంటే మన ఫోన్‌కాల్ ముఖ్యమైనది కాదు కదా!

భద్రత కూడా ముఖ్యమే. మూడేళ్ళలోపు పిల్లలకు గింజలు, గోలీలు, బటన్ బ్యాటరీలు అందనివ్వకూడదు. ప్లాస్టిక్ సంచులు ఆటవస్తువులు కావు. బాల్కనీకి జాలీ ఉండాలి. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో ఆటబొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేశారు. ఫుట్‌పాత్ మీద చౌకగా దొరికే రంగుల బొమ్మను కొనేముందు ఆ గుర్తు చూడండి. పసివాడికి ప్రతి బొమ్మా నోటికి అందవలసినదే.

ఫోను సంగతి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐదేళ్ళలోపు పిల్లల గురించి మార్గదర్శకాలు వెలువరించింది. ఏడాదిలోపు బిడ్డకు తెర అసలే చూపవద్దన్నది. రెండేళ్ళ నుంచి నాలుగేళ్ళవారికి రోజుకు గంటకు మించరాదని, అంతకంటే తక్కువైతే మరీ మంచిదని చెప్పింది. మూడు, నాలుగేళ్ళ పిల్లలు రోజంతా కలిపి కనీసం 180 నిమిషాలు శరీరాన్ని కదిలిస్తూ ఉండాలని, అందులో ఒక గంటైనా చురుకైన ఆట ఉండాలని సూచించింది. మన ఇళ్ళలో ఈ లెక్క తలకిందులైనదని చెప్పనక్కరలేదు.

ఫోనులోని బొమ్మ దానంతటదే కదులుతుంది, పాడుతుంది, రంగులు మారుస్తుంది. అక్కడ పిల్లవాడు ఊహించవలసింది ఏమీ మిగలదు. అన్నం తినిపించడానికి, ఏడుపు మాన్పించడానికి, వంట ముగించుకోవడానికి తల్లి ఫోను ఇవ్వవలసివస్తున్నదని మాకు తెలుసు. ఉమ్మడి కుటుంబం లేదు, చేతికి ఆసరా లేదు. ఆమెను నిందించడం మా ఉద్దేశం కాదు. అయితే ఫోను మాన్పించడమొక్కటే సరిపోదు. ఆ చోటును ఆటతో నింపాలి. మొదటి మూడు నాలుగు రోజులు పిల్లవాడు విసుగుతో ఏడుస్తాడు. ఆ విసుగుకు భయపడవద్దు. ఏమీ తోచక అటూఇటూ తిరిగే పిల్లవాడే కొంతసేపటికి గిన్నెను తిరగేసి డప్పు వాయిస్తాడు.

మక్తబ్‌లోనూ ఆటకు చోటు

ఈ బాధ్యత తల్లిదండ్రులకే పరిమితం కాదు. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ళ వయసును పునాది దశగా గుర్తించి, ఆ దశలో ఆట ద్వారా బోధనకు ప్రాధాన్యమివ్వాలని చెప్పింది. ఐక్యరాజ్యసమితి 1989 బాలల హక్కుల ఒడంబడికలోని 31వ అధికరణం ఆటను పిల్లల హక్కుగా పేర్కొన్నది. మన దేశం 1992లో ఆ ఒడంబడికను అంగీకరించింది. ఉన్ని బొమ్మలు చేసిన మదీనా తల్లుల వారసులమైన మనకు ఇందులో పరాయిది ఏదీ లేదు.

మక్తబ్ నడిపే సోదరులకు మేము సవినయంగా చేసే సూచన ఇది. అస్ర్ తరువాత వచ్చే ఐదారేళ్ళ పిల్లవాడు అప్పటికే ఆరేడు గంటలు బెంచీ మీద కూర్చుని వచ్చాడు. మొదటి పది నిమిషాలు అతణ్ణి ఆడనివ్వండి. అక్షరాలను ఇసుకలో గీయనివ్వండి, పిండితో చేయనివ్వండి. వుజూను బొమ్మకు నేర్పమనండి. వరుస తప్పకుండా నేర్పుతాడు. పాఠానికి తగ్గిందనుకున్న పది నిమిషాలు ధ్యాస రూపంలో తిరిగివస్తాయి. ఖుర్ఆన్ కంఠస్థం చేసే పిల్లలకు ఇది మరింత అవసరం. ఆ పవిత్రభారాన్ని మోసే చిన్న హృదయం ఉల్లాసంగా ఉండాలి.

తల్లులారా, తండ్రులారా! మన చుట్టూ ఉన్న ఈ కోచింగ్ బోర్డులు పిల్లవాడి ఇరవయ్యో ఏటికి ఎదురుచూస్తూనే ఉంటాయి. అవి ఎక్కడికీ పోవు. నాలుగో ఏడు మాత్రం ఒక్కసారి వెళితే తిరిగి రాదు. ఈ సాయంత్రం ఫోను పక్కన పెట్టి, మీ బిడ్డ ఏమి ఆడుతున్నాడో అతని పక్కన కూర్చుని చూడండి. అతని చేతిలోని వస్తువు ఏమిటని అడగండి. అది గుర్రమని చెబితే, దానికి రెక్కలున్నాయని చెబితే, ప్రవక్త (స) నవ్విన ఆ నవ్వును గుర్తు చేసుకుని మీరూ నవ్వండి. అదొక సున్నత్‌ను బతికించినట్టవుతుంది.

అల్లాహ్ మన సంతానాన్ని మన కన్నులకు చల్లదనంగా చేయుగాక. వారి బుద్ధికి వెలుగును, హృదయానికి విశాలతను, బాల్యానికి ఉల్లాసాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.